భద్రాచలం బస్టాండులో మా బస్సుల టైములు కలపండి: ఇద్దరు రవాణా మంత్రులకు బహిరంగ లేఖ

తెలంగాణ రవాణా మంత్రి పొన్నం ప్రభాకర్ గారికి, ఆంధ్రప్రదేశ్ రవాణా మంత్రి మండిపల్లి రాంప్రసాద్ రెడ్డి గారికి,

నమస్కారం. ఒక్కరికే రాస్తే అది అవతలి రాష్ట్రం సంగతి అంటారని ఇద్దరికీ కలిపి రాస్తున్నాను.

2014లో పోలవరం కోసం ఖమ్మం జిల్లాలోని ఏడు మండలాల ఊళ్లను ఆంధ్రలో కలిపారు. చింతూరు, కూనవరం, వీఆర్‌పురం వైపు మాకు రాష్ట్రం మారింది గానీ ఆసుపత్రికైనా, కాలేజీకైనా, పెళ్లి బట్టలకైనా ఇప్పటికీ తెలంగాణలో ఉన్న భద్రాచలమే దిక్కు. అక్కడికి రెండు రాష్ట్రాల బస్సులూ వస్తాయి, టైములు మాత్రం ఎవరివి వాళ్లు వేసుకుంటారు. సాయంత్రం కొత్తగూడెం బస్సు పావుగంట ఆలస్యంగా వచ్చి, ఈలోపే చింతూరు బస్సు వెళ్లిపోయిందనుకోండి, ఆసుపత్రి నుంచి వస్తున్న ముసలామె అయినా సరే యాభై కిలోమీటర్లు ఆటోలు మారుతూ, అడిగినంత ఇచ్చుకుంటూ చీకట్లో పోవాల్సిందే.

రైలు సంగతీ అంతే. భద్రాచలం రోడ్ స్టేషన్ ఉన్నది కొత్తగూడెంలో, మాకు మొదటి బస్సు అక్కడే ఎక్కాలి, రెండోది భద్రాచలంలో. సికింద్రాబాద్ నుంచి వచ్చే మణుగూరు ఎక్స్‌ప్రెస్ లేటైతే ఆ కబురు ఈ రెండు బస్సుల కండక్టర్లకూ చేరాలి.

2020లో లాక్‌డౌన్ తర్వాత రెండు రాష్ట్రాల మధ్య నెలల తరబడి ఆగిపోయిన బస్సులు నవంబరులో మళ్లీ మొదలయ్యాయి. అప్పుడు రెండు ఆర్టీసీలు కూర్చుని, అవతలి రాష్ట్రంలో బస్సులు తిప్పడానికి చెరో లక్షా అరవై వేల కిలోమీటర్ల లెక్క తేల్చుకున్నాయి. అంత పెద్ద లెక్కే తేలినప్పుడు ఒక్క బస్టాండులో టైములు కలపలేరా సార్? రెండు వైపుల డిపో మేనేజర్లు నెలకోసారి కలవాలి. ఆఖరి బస్సు అవతలి బస్సు కోసం కాసేపు ఆగాలి, ఆగినందుకు డ్రైవరుకి మెమో రాకూడదు. ఏ రాష్ట్రం బస్సైనా సరే, అన్ని టైములూ ఒకే బోర్డు మీద రాయాలి. వానాకాలం శబరి, గోదావరి పొంగి రోడ్డు మునిగితే ఏ బస్సు ఎక్కడిదాకా వెళ్తుందో ఆ బోర్డు మీదే పెట్టాలి.

ఇంకొకటి, ఇది నాకు మరీ బాధగా ఉంటుంది. తెలంగాణలో ఉచిత బస్సు ప్రయాణం ఇచ్చే మహాలక్ష్మి పథకం తెలంగాణ ఆధార్ ఉన్న ఆడవాళ్లకే. ఆంధ్రలో అలాంటిదే అయిన స్త్రీశక్తి అంతర్రాష్ట్ర సర్వీసులకు వర్తించదు. రెండు ప్రభుత్వాలూ ఉచితం ఇస్తున్నా, దగ్గరి పట్నానికి వెళ్లడానికి మా ఆడవాళ్లు టికెట్ కొనాల్సి వస్తోంది. విలీన మండలాల నుంచి భద్రాచలం వరకైనా ఇద్దరూ మాట్లాడుకుని మినహాయింపు ఇవ్వండి.

ముందు చింతూరు రూటు ఒక్కటే తీసుకుని మూడు నెలలు చూడండి. ఆ మీటింగుకి ఆటో యూనియన్ వాళ్లనూ పిలవండి, ఏ బస్సు వెళ్లాక ఎంతమంది మిగిలిపోతారో రోజూ చూసేది వాళ్లే.

ఇట్లు,
చింతూరు మండలం నుంచి ఒక ప్రయాణికుడు