డచ్ సమాసాల్లో ఊనిక

సంపాదకులకు నమస్కారం.

డచ్ మాటలు బారెడు పొడవుంటాయని, బట్టీ పట్టక తప్పదని గత ఆదివారం మీ విద్య పేజీలో రాశారు. ముప్పై ఏళ్లు బడిలో తెలుగు చెప్పి రిటైరై, ఇప్పుడు నెదర్లాండ్స్‌లోని ఐండ్‌హోవెన్‌లో మా అబ్బాయి ఇంట్లో ఉంటున్నాను. మనవరాలి పక్కన కూర్చుని ఆ భాషే నేర్చుకుంటున్నాను. మీ మాట ఒప్పుకోలేకపోతున్నాను.

అవి మన సమాసాల్లాంటివే. 'జీకెన్‌హౌస్' అంటే రోగుల ఇల్లు, అదే ఆసుపత్రి. చేతి తొడుగును 'హాంట్‌స్ఖూన్', చేతిబూటు, అంటారు. 'తలుపు' అనే మాటతో కలిస్తే మన 'ఇల్లు' 'ఇంటి' అయి 'ఇంటి తలుపు' అయినట్టు, వాళ్ల 'స్టాట్' (నగరం) 'మ్యూర్' (గోడ)తో కలిసేటప్పుడు నడుమ 'స్' వచ్చి 'స్టాట్స్‌మ్యూర్' అవుతుంది. లింగం తేల్చేది ఉత్తరపదమే, అంటే సమాసంలో చివరి మాటే. 'హౌస్'కు ముందు 'హెట్' (ఇంగ్లీషు 'ది' లాంటి మాట, లింగాన్ని బట్టి వచ్చేది) వస్తుంది గనుక 'జీకెన్‌హౌస్'కూ హెట్టే. సమాసాలు చదువుకున్నవాళ్లకు ఇది ఒక పూట పని.

అసలు కష్టం పలకడంలో, అంటే ఏ అక్షరాన్ని ఒత్తి పలకాలన్న ఊనికలో ఉంది. మోకాలి నొప్పితో ఉన్న మా ఆవిడను తీసుకెళ్తూ, బస్సు డ్రైవర్‌ను 'జీకెన్‌హౌస్' అని మూడుసార్లు అడిగాను. అక్షరాలన్నీ మన అలవాటు ప్రకారం సమానంగా పలికి, చివర కాస్త గట్టిగా అన్నాను. ఆయనకు అర్థం కాలేదు. నాకు ఒకటే టెన్షన్. మనవరాలు 'జీ' ఒక్కటే ఒత్తి అనగానే తలూపి ఎక్కమన్నాడు.

రెండు నామవాచకాలు కలిస్తే ఊనిక సాధారణంగా మొదటి మాటది. అదీ ఆ మాటలో మామూలుగా ఎక్కడ పడుతుందో అక్కడే. స్టేషన్‌ను 'స్టాషోన్' అని రెండో అక్షరం ఒత్తుతారు. అందుకే స్టేషన్ ముందున్న 'స్టాషోన్స్‌ప్లేన్'లోనూ బరువు 'షో' మీదే. మినహాయింపులున్నాయి: నగర పాలక భవనం 'స్టాట్‌హౌస్'లో 'హౌస్'నే ఒత్తాలి.

ఊనిక మారితే అర్థమే మారే మాట ఒకటి మనవరాలు చూపించింది. డచ్ రాతలో రెండూ ఒకటే: massagebed. 'సా' ఒత్తి 'మసాజ-బెట్' అంటే మసాజ్ మంచం. 'మా' ఒత్తి 'మాసా-ఖెబెట్' అంటే జనమంతా కలిసి చేసే ప్రార్థన. దీన్ని బట్టీ పట్టి ఏం లాభం?

ఇకపై డచ్ మాటలు అచ్చు వేసేటప్పుడు సమాసాన్ని అడ్డగీతతో విడదీసి, ఒత్తి పలకాల్సిన అక్షరాన్ని బొద్దక్షరంలో ఇవ్వండి. ఇక్కడికి రాబోయే పిల్లలకు మొదటి రోజు నుంచే పనికొస్తుంది.

— విశ్రాంత తెలుగు ఉపాధ్యాయుడు, ఐండ్‌హోవెన్, నెదర్లాండ్స్