ఫుట్‌నోట్లు ఇద్దరం కలిసి చూద్దాం

అమలాపురం,
ఆదివారం రాత్రి.

చి. బుజ్జమ్మకి నాన్న ఆశీస్సులు.

ఇక్కడ అందరం క్షేమం. అమ్మకి మోకాలి నొప్పి కాస్త తగ్గింది. దాళ్వా కోతలు అయిపోయాయి, కాలవలు కట్టేశారు. ఊళ్లో ఎటు చూసినా గడ్డివాములే.

కౌలు రైతుల చట్టం మీద నువ్వు రాసి వాట్సాప్‌లో పంపిన వ్యాసం జిరాక్సు షాపులో ప్రింటు తీయించాను. నలభై రెండు పేజీలు వచ్చింది. దాంతోపాటు నువ్వది పంపబోయే లా జర్నల్ వాళ్ల నిబంధనలు కూడా తీయించి రెండు రాత్రులు కూర్చుని చదివాను. ముప్పై నాలుగేళ్లుగా ప్లీడరు గారి దగ్గర ప్లైంట్లూ (దావా పత్రాలు) పిటిషన్లూ కంపేర్ చేసి ఫైలు చేస్తున్నవాణ్ణి కాబట్టి కాగితం ఎక్కడ వెనక్కొస్తుందో నాకు చూడగానే తెలుస్తుంది. నెలాఖరుకి పంపాలన్నావు. ఫోన్లో చెబితే సగం గాలికి పోతుంది, అందుకే రాస్తున్నాను. పక్కన పెట్టుకుని చూసుకో.

ముందుగా మొదటి పేజీ అడుగున చుక్క గుర్తు పెట్టి నువ్వు రాసిన కృతజ్ఞతల సంగతి. “అమలాపురంలో ప్లీడరు గుమాస్తాగా పనిచేస్తున్న మా నాన్నగారికి” అని ఉంది. అది చదివాక కాగితాలు పక్కన పెట్టి కాసేపు అరుగు మీద కూర్చున్నాను. అమ్మకి రెండుసార్లు చదివి వినిపించాను. ఇప్పుడు అది తీసేయి తల్లీ. వ్యాసం చదివి తీర్పు చెప్పేవాళ్లకి రాసింది ఎవరో తెలియకూడదని వాళ్ల నిబంధనల్లో స్పష్టంగా ఉంది. పేరు తీసేసి నాన్న ఊరూ ఉద్యోగం వదిలేస్తే పేరు తీసినట్టు కాదు. అలాగే పదిహేడో పేజీలో “నా ఎల్‌ఎల్‌ఎం సిద్ధాంత వ్యాసంలో చూపినట్టు” అన్నావు, దాన్నీ మార్చు. వర్డ్ ఫైలు ప్రాపర్టీస్‌లో కూడా నీ పేరు ఉండిపోతుందట, మన ఆఫీసు కుర్రాడు చూపించాడు. పేరూ యూనివర్సిటీ వివరాలూ విడిగా కవరింగ్ లెటర్లో పెట్టు. వ్యాసం అంగీకరించాక, అచ్చుకి వెళ్లే ముందు, నా మాట మళ్లీ చేర్చుకోవచ్చు. నాకు తొందర లేదు.

ఇక అసలు విషయం. నువ్వు వాదిస్తున్నది ఏమిటి? 2019 నాటి పంట సాగుదారుల హక్కుల చట్టం కింద కౌలు రైతుకి 11 నెలల కార్డు ఇస్తారు. దానికి భూమి యజమాని సంతకం కావాలి. కార్డు వల్ల భూమి మీద ఏ హక్కూ రాదని చట్టంలోనే ఉంది, అయినా యజమానులు సంతకం పెట్టరు. కాబట్టి పంట రుణం, బీమా, నష్టపరిహారం అందాల్సిన మనిషికి అందవు. ఇది మన డెల్టాలో ఎవరినడిగినా చెప్పే మాట, నిజమైన మాట. కానీ ఈ మాట నీ వ్యాసంలో పంతొమ్మిదో పేజీ దాకా రాలేదు.

మొదటి ఆరు పేజీలూ కాటన్ దొర గురించి. ధవళేశ్వరం ఆనకట్ట 1847లో మొదలైంది, 1852కి పూర్తయింది, కరువు నేల సస్యశ్యామలం అయింది. చదవడానికి నాకెంతో బాగుంది. కానీ సంతకం నిబంధన గురించి వాదించడానికి వచ్చినవాళ్లం ఆనకట్ట దగ్గర ఆరు పేజీలు ఆగితే చదివేవాడు అక్కడే దిగిపోతాడు. పదివేల పదాలకి మించకూడదు అన్నారు, నీది పద్నాలుగు వేలు దాటింది. కత్తిరించాల్సింది ఇక్కడే. 1956 నాటి ఆంధ్ర ప్రాంత కౌలుదారీ చట్టం ఆరేళ్ల కనీస గడువు పెట్టిన సంగతీ, 2011 భూ అధీకృత సాగుదారుల చట్టం రుణ అర్హత కార్డులు తెచ్చిన సంగతీ మాత్రం ఉంచు. ఆ రెండూ లేకపోతే 2019లో ఏం మారిందో తెలియదు. ఆనకట్టకి ఒక్క వాక్యం చాలు.

ఆ ఖాళీ అయిన చోట మన ఊళ్లో నువ్వు మాట్లాడిన రైతుని పెట్టు. ఆయన మాట్లాడుతున్నప్పుడు నేను నీ పక్కనే ఉన్నాను కదా. చుట్ట ఆర్పేసి, తువ్వాలుతో మొహం తుడుచుకుని ఆయన అన్నది నాకు అక్షరం పొల్లుపోకుండా గుర్తుంది. “సంతకం పెడితే పొలం పోద్దని ఆయన భయవండి, సంతకం అడిగితే కౌలు పోద్దని నా భయవండి.” నువ్వు ఇంగ్లిషులోకి దించినప్పుడు మొదటి సగమే మిగిలింది. యజమానులు సంతకానికి వెనకాడుతున్నారు అన్న అర్థం వచ్చింది, రైతు భయం జారిపోయింది. బుజ్జమ్మా, నీ వాదన బలమంతా ఆ రెండో సగంలో ఉంది. అడిగి కాదనిపించుకున్న రైతుకి ఎక్కడో ఒక దరఖాస్తు ఉంటుంది, ఒక తిరస్కారం ఉంటుంది. అడగనే అడగని రైతు ఏ రిజిస్టర్లోనూ కనపడడు. అడంగల్ అనే ఊరి సాగు రికార్డులో అనుభవదారు గడిలో కూడా యజమాని పేరే ఉంటుంది, పొలంలో మాత్రం ఈయన ఉంటాడు. తిరస్కరించిన దరఖాస్తులు తక్కువ కాబట్టి చట్టం బాగా నడుస్తోంది అని ఎవరైనా అంటే నీ దగ్గర ఉన్న సమాధానం ఇదే. దీన్ని అబ్‌స్ట్రాక్ట్‌లోనే చెప్పు. సంపాదకుడు ముందు చదివేది ఆ మూడు వందల పదాలే.

ఆ రైతు గురించే ఇంకో మాట. పేరు మార్చావు, మంచిపని. కానీ వంతెన దిగగానే కొబ్బరితోట పక్కన, 2 ఎకరాల 40 సెంట్లు, యజమాని అమెరికాలో, అని రాశావు. మన ఊళ్లో చిన్నపిల్లాణ్ణి అడిగినా ఆయన పేరు చెప్పేస్తాడు. అమెరికా నుంచి ఒక్క ఫోన్ వస్తే వచ్చే సార్వా పంటకి ఆయన చేతిలో పొలం ఉండదు. ఊరు పేరు తీసెయ్, విస్తీర్ణం “మూడెకరాల లోపు” అను, యజమాని “ఊళ్లో ఉండని వ్యక్తి” అంటే సరిపోతుంది. పంపే ముందు ఆయన దగ్గరికి నేనే వెళ్లి, ఏం రాశావో తెలుగులో చదివి వినిపించి, సరేనంటేనే నీకు చెబుతాను.

ఇప్పుడు ఫుట్‌నోట్లు. ఈ ఉత్తరం రాయడానికి అసలు కారణం ఇవే.

చాలా ఏళ్ల కిందట నా చేతుల మీదుగా ఒక తప్పు జరిగింది. ఎప్పుడూ నీకు చెప్పలేదు. ఒక అప్పీల్లో వాదన నోట్సు తయారు చేస్తూ, పాత కేసు కట్టలోంచి ఒక తీర్పు సైటేషనూ (అది ఏ పుస్తకంలో ఏ పేజీలో ఉందో ఆ వివరం) దాని కింద నాలుగు లైన్లూ దించేశాను. టైము లేదు, పుస్తకం తీయలేదు. ప్లీడరు గారు నన్ను నమ్మి కోర్టులో చదివారు. జడ్జి గారు సంపుటం తెప్పించి ఆ పేజీ తీశారు. ఆ నాలుగు లైన్లు అక్కడ ఉన్నాయి. కానీ అవి కోర్టు అన్న మాటలు కావు. ఓడిపోయిన పక్షం లాయరు వాదన ఇదీ అని జడ్జిమెంటులో ఎత్తి రాసిన భాగం. తరవాతి పేజీలోనే ఆ వాదనని కోర్టు తోసిపుచ్చింది. ప్లీడరు గారు బయటికొచ్చాక నన్ను ఒక్క మాట అనలేదు. ఆ రోజు నుంచి పుస్తకం తెరిచి, నా వేలు ఆ లైను మీద పెట్టి చూడకుండా ఏ సైటేషనూ ఆఫీసు గడప దాటనివ్వలేదు.

నీ ముప్పై ఒకటో ఫుట్‌నోటు అలాంటిదే. కొటేషన్ గుర్తులు పెట్టి మరీ ఇచ్చావు. శనివారం మన ఏఎల్‌టీ (తీర్పులు అచ్చేసే ఆంధ్రా లా టైమ్స్) సంపుటం తీసి చూశాను. ఆ వాక్యం తీర్పులో లేదు, హెడ్‌నోట్‌లో ఉంది. హెడ్‌నోట్ రాసేది రిపోర్టర్ పుస్తకం వాళ్లు, జడ్జి కాదు. దాదాపు అదే అర్థం వచ్చే పేరా లోపల ఉంది, కానీ “సాధారణంగా” అన్న మాట అదనంగా ఉంది. ఆ ఒక్క మాటతో నీ వాదన బరువు మారిపోతుంది. పేరా నంబరు ప్రింటు మీద రాసిపెట్టాను.

గోలక్‌నాథ్ కేసుని పన్నెండో పేజీలో ఇప్పటికీ నిలిచి ఉన్న తీర్పులా వాడావు. భూసంస్కరణల చర్చలో అది రావాల్సిందే, కానీ ప్రాథమిక హక్కుల్ని పార్లమెంటు తగ్గించేలా సవరించకూడదని 1967లో గోలక్‌నాథ్ చెప్పిన ప్రధాన సూత్రాన్ని 1973లో కేశవానంద భారతి పక్కన పెట్టింది కదా. నీకు తెలియక కాదు, తొందర్లో రాశావు. చదివేవాడికి నీ తొందర సంగతి తెలియదు, ఈ అమ్మాయికి ఆ తీర్పే తెలియదు అనుకుంటాడు. ఇంకోటి, కేశవానంద భారతి ఒకచోట ఏఐఆర్ 1973 ఎస్‌సీ 1461 అని, మరోచోట (1973) 4 ఎస్‌సీసీ 225 అని ఉంది. ఏఐఆర్, ఎస్‌సీసీ తీర్పులు అచ్చేసే వేరువేరు పుస్తకాలు, కేసు ఒకటే, రెండూ సరైనవే, కానీ ఒక వ్యాసంలో ఒకే పద్ధతి ఉండాలి. ఆ జర్నల్ వాళ్లు ఏ సైటేషన్ పద్ధతి అడిగారో దాన్నే మొదటినుంచి చివరిదాకా పట్టుకో.

2011లో మన కోనసీమ రైతులు క్రాప్ హాలిడే ప్రకటించిన సంగతి రాశావు. నువ్వప్పుడు బడిపిల్లవి, పొలాలు ఖాళీగా ఎందుకున్నాయి నాన్నా అని అడిగావు. దాని మీద వేసిన మోహన్ కందా కమిటీ ఏం చెప్పిందో పేపరు వార్తని చూపించి రాశావు. వార్తని కాదమ్మా, నివేదికనే సంపాదించి చదివి, పేజీ నంబరు ఇవ్వు.

చివర్లో కొన్ని కేసులు కంప్యూటర్ని అడిగి తెచ్చానన్నావు ఫోన్లో. అప్పటినుంచి నాకు టెన్షన్‌గా ఉంది. 2023లో న్యూయార్కులో ఒక విమానయాన సంస్థ మీద కేసులో లాయర్లు చాట్‌జీపీటీ ఇచ్చిన తీర్పుల్ని దాఖలు చేశారు. అసలు అలాంటి తీర్పులే లేవు. కోర్టు ఐదు వేల డాలర్ల జరిమానా వేసింది. దారి చూపించమని అడగడం తప్పని నేను అనను, కానీ చూపించిన చోటికి నువ్వు నడిచి వెళ్లి చూసి రావాలి. సుప్రీంకోర్టు తీర్పులు ఈ-ఎస్‌సీఆర్ వెబ్‌సైట్‌లో ఉచితంగా దొరుకుతున్నాయి కదా, ఒక్కొక్కటీ తెరువు.

ఎక్కడికి పంపాలన్న దాని గురించి ఎక్కువ చెప్పను, మీ గైడు గారికి తెలుస్తుంది. వారంలో అచ్చేస్తాం, ఇంత ఫీజు కట్టండి అని నీకు మెయిల్ వచ్చిందన్నావే, దాని జోలికి మాత్రం వెళ్లకు. ఐఎస్‌ఎస్‌ఎన్ నంబరు ఉందంటే మంచి జర్నల్ అని కాదు, అది ఎనిమిది అంకెల గుర్తింపు మాత్రమే. నమ్మదగిన జర్నళ్లవని యూజీసీ పెట్టిన కేర్ జాబితా చూసుకుందామన్నా 2025లో దాన్ని ఆపేశారు. పాత సంచికలు రెండు మూడు తెరిచి, ఎవరు రాశారో, ఎంత శ్రద్ధగా దిద్దారో నువ్వే చూడు. అమెరికాలో విద్యార్థులు నడిపే లా రివ్యూలకి ఒకేసారి చాలా చోట్లకి పంపొచ్చని చెప్పావు. నువ్వు పంపేది అలాంటిది కాదు, వేరేచోట పరిశీలనలో ఉండకూడదని రాసి ఉంది. ఒకే వివాదం మీద రెండు కోర్టుల్లో దావా నడిస్తే రెండోదాన్ని ఆపడానికి సివిల్ ప్రొసీజర్ కోడ్ (సీపీసీ) సెక్షన్ 10 ఉంది. ఇక్కడ ఆ సెక్షన్ లేకపోయినా మాట ఇచ్చి సంతకం పెడుతున్నావు, ఒక్కచోటికే పంపు.

పంపాక నెలలు పట్టొచ్చు. దిద్ది పంపమంటే సంతోషించు, చదివారని అర్థం. వాళ్లు అడిగిన ప్రతి ప్రశ్ననీ ఎత్తి రాసి, దాని కింద నువ్వేం మార్చావో, మార్చకపోతే ఎందుకు మార్చలేదో మర్యాదగా రాయి. కోర్టు ఆఫీసు ఆబ్జెక్షన్లతో రిటర్న్ చేసిన ప్లైంటుని నేను మళ్లీ వేసేది అలాగే. అసలు వద్దన్నారనుకో, అదే కోడ్‌లో ఆర్డర్ 7 రూల్ 11 కింద రిజెక్ట్ అయిన ప్లైంటుని కూడా రూల్ 13 ప్రకారం కొత్తగా వేసుకోవచ్చు. ఆ రాత్రి మాత్రం ఒక్కదానివే కూర్చోకుండా ఇంటికి ఫోన్ చెయ్యి.

వచ్చే ఆదివారం ఆఫీసు తాళం నా దగ్గరే ఉంటుంది, ప్లీడరు గారికి చెప్పాను. టైపు కాగితాలు మేం కంపేర్ చేసినట్టే చేద్దాం. నువ్వు అక్కడ ఫుట్‌నోటు పైకి చదువు, నేను ఇక్కడ సంపుటం తీసి పేజీ మీద వేలు పెట్టి చూస్తాను. నూట పన్నెండు ఉన్నాయి, లెక్కపెట్టాను. మన బీరువాలో ఏఐఆర్, ఏఎల్‌టీ పాతవన్నీ ఉన్నాయి. ఎస్‌సీసీ కొత్త సంపుటాలు లేవు, అవి నువ్వు ముందే తీసి పెట్టుకో. పొద్దున్న ఎనిమిదికల్లా ఫోన్ చెయ్యి, ఎండ ఎక్కకముందు సగమైనా అవుతాయి.

ఉంటాను.

మీ నాన్న