కాటాకు ముద్ర ఉండాలి, పిల్లవాడి నిగ్రహాన్ని తూచే ప్రశ్నలకు అక్కర్లేదా?

గౌరవనీయులైన కేంద్ర మహిళా, శిశు అభివృద్ధి శాఖ మంత్రి గారికి నమస్కారాలు.

2015 నాటి బాలల న్యాయ చట్టంలోని 15వ సెక్షన్ గురించి ఈ లేఖ రాస్తున్నాను. పదహారేళ్ళు నిండి పద్దెనిమిది నిండని పిల్లవాడి మీద హేయమైన నేరం ఆరోపణ వస్తే, అంటే చట్టంలో కనీస శిక్షే ఏడేళ్ళు లేదా అంతకు మించి ఉన్న నేరమైతే, జువెనైల్ జస్టిస్ బోర్డు ప్రాథమిక మదింపు జరపాలి. ఆ నేరం చేయగల మానసిక, శారీరక సామర్థ్యం అతనికి ఉందా, దాని పర్యవసానాలు అతనికి అర్థమవుతాయా, ఏ పరిస్థితుల్లో అది జరిగింది అన్నవి చూడాలి. ఇదంతా మూడు నెలల్లో ముగియాలి. కేసు బోర్డు దగ్గరే ఉండాలా, ఆ పిల్లవాడిని పెద్దవాడిగా విచారించడానికి బాలల కోర్టుకు పంపాలా అన్నది ఈ మదింపును బట్టే నిర్ణయిస్తారు.

బోర్డులో ఉండేది ఒక మేజిస్ట్రేటు, ఇద్దరు సామాజిక కార్యకర్తలు. మనస్తత్వ నిపుణుల సాయం తీసుకోవచ్చని చట్టం అంటుంది. బోర్డు సభ్యుల్లో పిల్లల మనస్తత్వం తెలిసిన నిపుణులు లేకపోతే ఆ సాయం తీసుకుని తీరాలని 2022 జూలైలో సుప్రీంకోర్టు చెప్పింది. ఈ మదింపు మొక్కుబడిగా ముగించే పని కాదని కూడా అదే తీర్పులో హెచ్చరించింది. ఆ తరవాత 2023లో జాతీయ బాలల హక్కుల పరిరక్షణ కమిషన్ మార్గదర్శకాలు వెలువరించింది. ఇదంతా మంచిదే. నిపుణుడు వచ్చాడు, సరే. అతని సంచిలో ఉన్న పనిముట్లు ఎవరి కోసం తయారైనవి? నా ప్రశ్న అది.

నేను డిగ్రీ కళాశాలలో మనస్తత్వశాస్త్రం బోధించి విశ్రాంతి తీసుకున్నదాన్ని. ఒక జువెనైల్ హోంలో పిల్లలతో మాట్లాడడానికి కొంతకాలం వెళ్ళాను. కాబట్టి తరగతి గదిలో చెప్పిన పాఠానికీ, ఇనుప గేటు లోపల బల్ల మీద పరిచిన ప్రశ్నపత్రానికీ ఉన్న దూరం కొంత ఎరుగుదును.

మన దగ్గర నిపుణులకు వెంటనే చేతికందేవి తెలివితేటల పరీక్షలు. నాగపూర్‌లో 1960లలో మాలిన్ మన పిల్లల కోసం మలిచిన పరీక్ష, అంతకు ముందు 1934లో కామత్ కన్నడ, మరాఠీ పిల్లల కోసం రూపొందించిన బినే పరీక్ష ఇప్పటికీ వాడుకలో ఉన్నాయి. అవి పాతబడ్డాయన్నది వేరే చర్చ. అసలు చిక్కు ఏమిటంటే, అవి కొలిచేది బుద్ధిని. చల్లగా కూర్చుని ఆలోచించినప్పుడు పిల్లవాడు ఎంత చక్కగా తర్కించగలడో అవి చెబుతాయి. నేరాలు అలా కూర్చుని ఆలోచించి చేసేవి తక్కువ. పక్కన నలుగురు స్నేహితులు, ఒంట్లో కోపం, చేతిలో ఫోను, ఎదురుగా ఎవరో రెచ్చగొట్టడం. అక్కడ పనికొచ్చేది నిగ్రహం. లెక్కలో నూటికి నూరు తెచ్చుకున్నవాడికి ఆ నిగ్రహం ఉంటుందన్న హామీ ఏమీ లేదు.

ఈ తేడా అమెరికాలో కోర్టు దాకా వెళ్ళింది. గర్భస్రావం చేయించుకునే మైనరు బాలికలు తల్లిదండ్రులకు తెలియజేయాలా వద్దా అన్న కేసులో, కౌమారంలో ఉన్నవారు పెద్దల్లాగే ఆలోచించి నిర్ణయించుకోగలరని అక్కడి మనస్తత్వవేత్తల సంఘం వాదించింది. ఆ తీర్పు 1990లో వచ్చింది. 2005లో బాల నేరస్థులకు మరణశిక్ష రద్దయిన కేసులో అదే సంఘం, పిల్లలకు పెద్దలంత పరిపక్వత ఉండదని చెప్పింది. మాట మార్చారని అక్కడి సుప్రీంకోర్టు న్యాయమూర్తి జస్టిస్ స్కాలియా తన భిన్నాభిప్రాయంలో ఎత్తిపొడిచారు. ఆ ఎత్తిపొడుపుకు జవాబుగా మనస్తత్వవేత్త లారెన్స్ స్టైన్‌బర్గ్ బృందం చెప్పింది ఇదే: ఆలోచించే శక్తి ఒక వయసుకు పెద్దల స్థాయికి చేరుతుంది, ఆపుకొనే శక్తి అంతకంటే చాలా ఆలస్యంగా చేరుతుంది. రెండూ వేర్వేరు కాబట్టి రెండు వాదనలూ నిలుస్తాయి.

తరవాత అదే బృందం 11 దేశాల్లో, 10 నుంచి 30 ఏళ్ళ మధ్య వయసున్న ఐదు వేల మందికి పైగా పరీక్షించింది. చైనా, కొలంబియా, సైప్రస్, ఇటలీ, జోర్డాన్, కెన్యా, ఫిలిప్పీన్స్, స్వీడన్, థాయిలాండ్, అమెరికా, వాటితో పాటు భారత్. కొత్త అనుభవాల కోసం ఉబలాటం పందొమ్మిదో ఏడు ప్రాంతంలో పతాక స్థాయికి చేరుతుందనీ, నిగ్రహం ఇరవైల మధ్య వరకూ పెరుగుతూనే ఉంటుందనీ 2018లో ప్రచురించారు. ఈ తీరు చాలా దేశాల్లో కనిపించింది, అన్నింటిలో కాదు. 2019లో వచ్చిన మరో పత్రం ప్రకారం ఆలోచనాశక్తి పదహారు ప్రాంతంలో పెద్దల స్థాయిని అందుకుంటుంది, మానసిక పరిపక్వత పద్దెనిమిది దాటాక గాని రాదు. మంత్రి గారూ, మన 15వ సెక్షన్ సరిగ్గా ఈ రెంటి మధ్య ఉన్న ఖాళీలోకి వస్తుంది. పదహారు, పద్దెనిమిది.

ఇక్కడితో ఆపితే నా వాదనకు బాగానే ఉంటుంది. ఆపలేను, ఎందుకంటే ఆ అధ్యయనంలో మన దేశం తరఫున ఉన్నది ఢిల్లీ పిల్లలే. ఢిల్లీ కుర్రవాడి లెక్క పాడేరు కొండ మీది కుర్రవాడికీ, మహబూబ్‌నగర్ నుంచి వలసపోయే కుటుంబంలోని కుర్రవాడికీ సరిపోతుందని ఎవరైనా అంటే, వాళ్ళు ఈ దేశాన్ని విమానం కిటికీలోంచి చూసి ఉండాలి.

ఇక పనిముట్ల సంగతి. ఉబలాటాన్ని కొలవడానికి ప్రపంచమంతా వాడే ఎనిమిది వాక్యాల చిన్న ప్రశ్నావళి ఒకటుంది. కాళ్ళకు సాగే తాడు కట్టుకుని ఎత్తు నుంచి దూకాలని ఉందా, ముందు అనుకోకుండా ఏ దారిలో పడితే ఆ దారిలో యాత్రకు వెళ్ళాలని ఉందా, ఇంట్లో ఎక్కువసేపు ఉంటే విసుగు పుడుతుందా అని అడుగుతుంది. చీకటి పడ్డాక గడప దాటడానికి అనుమతి లేని ఆడపిల్లకు ఇంట్లో విసుగు పుడితే అది ఉబలాటమా, ఊపిరాడకపోవడమా? తాడు కట్టుకుని దూకడం టీవీలో తప్ప చూడని కుర్రవాడు వద్దంటాడు. అదే కుర్రవాడు వరద కాలువలోకి వంతెన మీంచి దూకుతాడు. మార్కుల ప్రకారం అతను నెమ్మదస్తుడు.

నిగ్రహానికి విరివిగా వాడే మరో ప్రశ్నావళిలో 13 వాక్యాలుంటే 9 తలకిందులుగా ఉంటాయి. అంటే ఒప్పుకుంటే మార్కు తగ్గుతుంది. బడి మానేసిన పిల్లవాడు, ఎదురుగా కూర్చున్న పెద్దమనిషి ఏది చదివినా "అవునండి" అంటాడు. అది మర్యాద. కాగితం మీద మాత్రం నిగ్రహం లేనివాడని పడుతుంది. దీనికి సరిగ్గా ఎదురుగా ఉంటాయి మన కార్పొరేట్ జూనియర్ కళాశాలల హాస్టళ్ళు. తెల్లవారకముందే లేపి రాత్రి పొద్దుపోయేదాకా గంట కొట్టి నడిపించే పిల్లలకు మంచి మార్కులే వస్తాయి. అది వాళ్ళ నిగ్రహమో, వార్డెనుదో సెలవులకు ఇంటికి వచ్చాక గాని తెలియదు.

మనల్ని మనం ఎవరితో పోల్చుకుని జవాబు చెబుతామన్నది ఇంకో చిక్కు. 56 దేశాల్లో జరిగిన ఒక వ్యక్తిత్వ సర్వేలో క్రమశిక్షణ, బాధ్యత విషయంలో తమకు తాము తక్కువ మార్కులు వేసుకున్నవారిలో జపాన్, కొరియా వాళ్ళున్నారు. ఆ దేశాల రైళ్ళు చూసినవాళ్ళకు నవ్వొస్తుంది. చుట్టూ అందరూ కట్టుదిట్టంగా ఉంటే మనిషికి తానే నిర్లక్ష్యంగా ఉన్నట్టు కనిపిస్తాడు.

సరే, ప్రశ్నలు వదిలేసి ఆటలు పెడదామంటారు. పసుపు లైటు వెలిగినప్పుడు ఆగాలా, దూసుకుపోవాలా అని కంప్యూటర్‌లో కారు నడిపించే ఆట ఉంది. గాలి కొట్టేకొద్దీ డబ్బు పెరిగి, పగిలితే పోయే బుడగ ఆట ఉంది. ప్రశ్నావళి కంటే ఇవి నయం. కానీ ట్రాఫిక్ సిగ్నలే లేని ఊరి పిల్లవాడికి పసుపు లైటు చెప్పేదేమిటి? పైగా 11 దేశాల అధ్యయనంలోనే ఆటల్లో తెగింపు వయసుతో పాటు నడిచిన తీరు ఒకటి, బయట నిజ జీవితంలో తెగింపు నడిచిన తీరు ఇంకొకటి. నిజ జీవితంలో అవకాశం ఉండాలిగా. బండి లేనివాడు బండి వేగంగా నడపలేడు.

డబ్బు ఇప్పుడు కొంచెం కావాలా, నెల ఆగితే ఎక్కువ కావాలా అన్న ప్రశ్నను ఓపిక కొలవడానికి వాడతారు. హోంలో ఒక కుర్రవాడిని అదే అడిగాను. పంక్చర్ల షాపులో పనిచేసేవాడు. "నెల తరవాత ఎవరు ఇస్తారు మేడం? మీరు ఉంటారా?" అన్నాడు. షాపు యజమాని అతనికి రెండు నెలల జీతం ఎగ్గొట్టిన సంగతి తరవాత తెలిసింది. ఆ ప్రశ్నకు అతను ఇచ్చిన జవాబు తొందరపాటుగా నమోదవుతుంది. నాకైతే అది లోకజ్ఞానంగా కనిపించింది. అమెరికాలోని రోచెస్టర్‌లో చిన్నపిల్లలతో చేసి 2013లో ప్రచురించిన ప్రయోగం ఇదే చూపింది. ఎదురుగా పెట్టిన మిఠాయి తినకుండా ఆగితే ఇంకోటి ఇస్తామని చెప్పి చూసే పరీక్ష అది. మాట నిలబెట్టుకున్న పెద్దమనిషి కోసం పిల్లలు సగటున 12 నిమిషాలు మిఠాయి ముట్టకుండా ఆగారు. మాట తప్పినవాడి కోసం ఆగింది 3 నిమిషాలు.

మిఠాయి పరీక్ష గురించి ఇంకో రెండు సంగతులు చెప్పి ముందుకు వెళతాను. కామెరూన్‌లో ఎన్సో రైతు కుటుంబాల నాలుగేళ్ళ పిల్లల్లో పదింట ఏడుగురు ఆగగలిగారు, జర్మనీ మధ్యతరగతి పిల్లల్లో పదింట ముగ్గురు కూడా ఆగలేదు. జపాన్ పిల్లలు తిండి కోసం ఎక్కువసేపు ఆగారు, అమెరికా పిల్లలు కాగితం చుట్టిన బహుమతి కోసం ఎక్కువసేపు ఆగారు. అందరూ తినేదాకా ఆగడం ఒక చోట అలవాటు, పుట్టినరోజు బహుమతి విప్పకుండా ఆగడం ఇంకో చోట అలవాటు. తిండి మాత్రమే పెట్టి పరీక్షిస్తే అమెరికా పిల్లలకు నిగ్రహం లేదని రాసేస్తాం.

ఈ గందరగోళంలోంచి బయటపడే దారి లేకపోలేదు. ఒకే ప్రశ్నావళిని రెండు వేర్వేరు చోట్ల పిల్లలకు పెడతారు. ముందుగా, ప్రశ్నలన్నీ రెండు చోట్లా ఒకే గుణం చుట్టూ చేరుతున్నాయా అని చూస్తారు. తరవాత ఒక్కో ప్రశ్నకూ ఆ గుణానికీ ఉన్న బంధం రెండు చోట్లా ఒకే బలంతో ఉందా అని చూస్తారు. ఆ పైన, నిజంగా సమానమైన నిగ్రహం ఉన్న ఇద్దరు పిల్లలు, ఒకరు ఇక్కడ ఒకరు అక్కడ, ఒకే జవాబు ఇస్తారా అని పరీక్షిస్తారు. ఈ మూడో గడప దాటితేనే ఒకచోటి మార్కును ఇంకోచోటి మార్కు పక్కన పెట్టాలి. బజారులో కూరగాయల కాటాకు కూడా తూనికలు, కొలతల శాఖ ముద్ర ఉండాలంటాం. పావుకిలో వంకాయలకు ఉన్న ఆ జాగ్రత్త పదిహేడేళ్ళవాడి భవిష్యత్తుకు ఉండాలని అడగడం అత్యాశ కాదనుకుంటాను.

బాధితుల కుటుంబాల సంగతేమిటని మీరు అడగవచ్చు. అడగాలి కూడా. తప్పుడు కొలత వారికీ మేలు చేయదు. ఇంకో మాట, మార్కు ఏది వచ్చినా అది పిల్లవాడి మీదికే తిరిగే ప్రమాదం ఉంది. నిగ్రహం ఎక్కువని తేలితే తెలిసే చేశాడంటారు, తక్కువని తేలితే ప్రమాదకారి అంటారు. సగటులు ఒక వయసు గురించి చెప్పగలవు గాని, బోర్డు ముందు నిలబడిన ఒక్కడి గురించి చెప్పలేవు. సెక్షన్ 15 మనస్తత్వశాస్త్రాన్ని దాని శక్తికి మించినది అడుగుతోందన్నది నా అభిప్రాయం. అయినా చట్టం ఉన్నంతకాలం అడుగుతూనే ఉంటుంది కాబట్టి, ఉన్నంతలో చేయవలసినవి చెబుతాను.

బెంగళూరులోని జాతీయ మానసిక ఆరోగ్య సంస్థ నిమ్హాన్స్ నేతృత్వంలో, రాష్ట్రాల విశ్వవిద్యాలయాలతో కలిసి, 10 నుంచి 25 ఏళ్ళ వారికి నిగ్రహం, తెగింపు కొలిచే ప్రమాణాలను మన భాషల్లో తయారు చేయించండి. ఆంగ్ల ప్రశ్నలు తెచ్చి అనువదించడంతో మొదలుపెట్టవద్దు. కాలువ, బండి, జాతర, ఫోను, అప్పు, హాస్టలు, ఇవి తెలిసినవాళ్ళు పిల్లలతో కూర్చుని ప్రశ్నలు రాయాలి. బడిలో ఉన్నవాళ్ళే దొరుకుతారని వాళ్ళతోనే సరిపెడితే లాభం లేదు. బడి మానినవాళ్ళు, పనిచేసేవాళ్ళు, హోంలలో ఉన్నవాళ్ళు ఆ లెక్కలో ఉండాలి, ఎందుకంటే బోర్డు ముందుకు వచ్చేవారిలో వాళ్ళూ ఉంటారు. ఇది మనవల్ల కాని పని అని ఎవరైనా అంటే యంగ్ లైవ్స్ అధ్యయనాన్ని చూపించండి. 2002 నుంచి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో, ఇప్పటి రెండు తెలుగు రాష్ట్రాల్లో, దాదాపు మూడు వేల మంది పిల్లలను ఇథియోపియా, పెరూ, వియత్నాం పిల్లలతో పాటు ఏళ్ళ తరబడి అనుసరిస్తూ వచ్చారు. తమ మనస్తత్వ ప్రశ్నలు ఎంతవరకు నమ్మదగినవో పరిశీలించి ప్రచురించారు కూడా.

అది పూర్తికావడానికి సంవత్సరాలు పడుతుంది. ఈలోగా ఒక సర్క్యులర్ చాలు. మదింపు నివేదికలో ఏ పరీక్ష మార్కు రాసినా, ఆ పరీక్షను ఏ ఊళ్ళ, ఏ వయసు పిల్లల మీద ప్రమాణీకరించారో, ఈ పిల్లవాడికి ఏ భాషలో పెట్టారో, అనువాదం ఎవరు చేశారో పక్కనే రాయాలి. రాయలేకపోతే మార్కు వేయకూడదు, చూసినదీ విన్నదీ మాటల్లో రాయాలి. ఏజెన్సీ నుంచి వచ్చిన పిల్లవాడు కోయలోనో, సవరలోనో ఆలోచిస్తుంటే తెలుగు ప్రశ్నలతో అతని నిగ్రహం తేల్చవద్దు. ఆ భాష తెలిసినవారిని కూర్చోబెట్టాలి. మూడు నెలల గడువు దీనికి అడ్డు రాదు, మొదటి వారంలోనే పిలిపిస్తే.

మీ కార్యాలయం నుంచి నాకు విడిగా జవాబు రానక్కర్లేదు. ఆ సర్క్యులర్ రాష్ట్రాలకు వెళితే హోంలలో పనిచేసే మిత్రుల ద్వారా నాకు తెలుస్తుంది.

భవదీయురాలు,
ఒక విశ్రాంత మనస్తత్వశాస్త్ర అధ్యాపకురాలు,
రాజమహేంద్రవరం