కొత్త వాచీ నాకొద్దు, ఒంగోలుకి పంపు

విడవలూరు,
8 జూన్ 2025.

తల్లీ,

ఇక్కడ అందరం బాగున్నాం. నిన్నటితో రోహిణి పోయి ఈ పొద్దు మృగశిర వచ్చింది. కార్తె మారిన సంగతి ఎండకి మాత్రం ఇంకా తెలిసినట్టు లేదు. మీ అమ్మ మామిడికాయ వేసి చేపల పులుసు పెట్టింది. రేపటికైతే ఇంకా బాగుంటుందని సగం దాచింది కూడా.

ఫోన్ ఉండగా ఉత్తరం ఏందని అనుకోబాక. వాచీ మాట ఎత్తితే చాలు, "నాయనా, నేను కొత్తది ఆర్డర్ పెట్టేస్తా, నువ్వు ఊరుకో" అని ఫోన్ పెట్టేస్తా ఉండావు. మూడుసార్లయింది. కాగితం మీదైతే మధ్యలో అడ్డం రాలేవు. ముందు ఒక మాట: ఆర్డర్ పెట్టబాక.

నా చేతికున్నది నువ్వు 2020లో మొదటి జీతంతో కొనిచ్చిన స్మార్ట్ వాచీ. చేతికి కట్టుకోగానే మీ అవ్వ "వీడు టీవీని చేతికి కట్టుకున్నాడే" అని వీధంతా చెప్పింది. దాని మీద నాకు మమకారం లేదని చెప్పను. అయినా మమకారం కోసం రాయడం లేదు, లెక్క చూసే రాస్తా ఉండా.

దాంతో నాకు పనేందో నీకు తెలుసు. రొయ్యల గుంటల దగ్గర మోటార్ల స్టార్టర్ పెట్టెలో సిమ్ వేయించాం గదా, కరెంటు పోతే నా ఫోన్‌కి కాల్ వస్తుంది. మీ అమ్మకి నిద్ర చెడగొట్టకుండా ఫోన్ సైలెంట్‌లో పెట్టి పడుకుంటా. చేతి వాచీ గుర్రుమంటే లేస్తా. వనామీ రొయ్య నలభై కౌంటుకి, అంటే కిలోకి నలభై తూగేదాకా, వచ్చిన గుంటలో నీళ్ళకి గాలి అందించే ఏరియేటర్లు అర్ధరాత్రి ఆగితే మనకి ఎంతసేపు వ్యవధి ఉంటుందో నువ్వు చిన్నప్పటినుంచీ చూసినదానివే.

పోయిన నెల ఒక రాత్రి ఒంటిగంటకి మంచినీళ్ళకి లేచి చూశాను. వాచీలో 22 శాతం ఉంది. తెల్లారేదాకా వస్తుందిలే అని పడుకున్నా. రెండూ పదికి కరెంటు పోయింది. వాచీ గుర్రుమనలా. రెండూ ఇరవై అయిదుకి కాపలా అబ్బాయి బండేసుకొచ్చి తలుపు బాదితే లేచాను. ఫోన్లో మూడు మిస్డ్ కాల్స్. చేతి మీద వాచీ నల్లగా చచ్చి ఉంది. మేం పోయేటప్పటికి రొయ్య కట్ట పక్కకి చేరి పైకి తేలతా ఉంది. జనరేటర్ వేశాం, బతికిపోయాం. పొద్దున్నే తీస్తే అరబక్కెట్ పోయింది. అంతటితో పోయిందని దండం పెట్టుకున్నా.

22 శాతం ఉన్న వాచీ గంటలో ఎట్టా చచ్చింది? రెండు రోజులు బుర్రలో ఇదే తిరిగింది. జనరేటర్ దగ్గర నిలబడి ఉంటే తట్టింది. మన జనరేటర్ బ్యాటరీ పోయే ముందు ఏం చేసేదో గుర్తుందా? బల్బు వెలిగేది, హారన్ కూసేది. సెల్ఫ్ కొట్టామా, టక్ అని ఆగిపోయేది. కొంచెం కొంచెంగా అడిగితే ఇస్తుంది, ఒక్కసారిగా అడిగితే చేతులెత్తేస్తుంది. ముసలిదైన బ్యాటరీలో కరెంటుకి అడ్డం పెరుగుతుంది, గట్టిగా లాగితే వోల్టేజి దబ్బున పడిపోతుంది. వాచీలో కూడా అంతే. ఊరకే టైము చూపించడానికి ఆ 22 చాలు. కాల్ వచ్చి తెర వెలిగి, లోపలి మోటారు గుర్రుమనేసరికి వోల్టేజి పడింది, వాచీ తనను తాను ఆపేసుకుంది. నన్ను లేపబోయే చచ్చిందన్నమాట, పాపం.

తప్పు వాచీదని అనను. అయిదేళ్ళ వాచీని నమ్మి ఫోన్ సైలెంట్‌లో పెట్టింది నేను.

అప్పుడు పరీక్ష మొదలుపెట్టా. గుంట పుస్తకంలో ఆక్సిజన్, పీహెచ్, మేత కేజీల పక్కన ఇంకో గడి గీసి "వా" అని రాశా. పొద్దున ఆరుకి నిండా ఛార్జింగ్ తీసి కట్టుకోవడం, ఆగిపోయిన టైము రాయడం. కొత్తలో పొద్దున కట్టుకుంటే రెండోరోజు సాయంత్రందాకా వచ్చేది. ఇప్పుడు అయిదు రోజులు రాస్తే అయిదు రోజులూ సాయంత్రం నాలుగు, నాలుగున్నరకే చచ్చింది.

అంతా బ్యాటరీ పాపమే అనుకున్నా, కాదు. ఒకరోజు తెప్ప మీద మేత చల్లతా ఉంటే చూశా. చెయ్యి విసిరినప్పుడల్లా వాచీ వెలగతా ఉంది! నేను టైము చూస్తున్నాననుకుంటుంది అది. ఒక గుంటకి ఎన్ని విసుర్లో, రోజుకి ఎన్ని మేతలో లెక్కేసుకో. చెయ్యెత్తితే వెలిగేదాన్ని ఆపేశా. ఆక్సిజన్ శాతం రాత్రంతా కొలిచేదాన్ని కూడా ఆపేశా. నా ఆక్సిజన్ సంగతి ఎందుకు, గుంటలో ఆక్సిజన్ చాలు. ఇంకోటి, ఛార్జర్ పిన్నులు ఉప్పుగాలికి పచ్చగా చిలుం పట్టి ఉన్నాయి. వాచీ వెనక చుక్కలూ అంతే. పాత టూత్ బ్రష్‌తో రుద్ది తుడిచాక గానీ తెలియలా, ఇన్నాళ్ళూ అది సరిగా ఎక్కడమే లేదని. ఇవన్నీ చేశాక రాత్రి పదకొండుదాకా వస్తా ఉంది. అంటే పదిహేడు గంటలు. కొత్తలో ముప్పై ఆరు. ఇప్పుడు మిగిలిన తేడా మాత్రం బ్యాటరీ వయసే. నీ స్నేహితులెవరైనా వాచీ చచ్చిపోతా ఉందంటే ముందు ఈ పనులు చేయించు. కొత్తగా అప్‌డేట్ ఎక్కితే ఒకటి రెండు రోజులు ఎక్కువ తాగుతుంది. అది చూసి తీర్మానం చెయ్యబాకండి.

వయసంటే ఏందో చెప్తా, నేను కావలిలో చదివిన కెమిస్ట్రీ ఇన్నేళ్ళకి పనికొచ్చింది. లిథియం బ్యాటరీలో గ్రాఫైట్ మీద మొదట్లోనే ఒక పల్చటి పొర కడుతుంది. అది ఉండాల్సిందే. అయితే వాడేకొద్దీ ఆ పొర మందమవతా పోతుంది, అందులో ఇరుక్కున్న లిథియం మళ్ళీ పనికి రాదు. గుంట అడుగున మడ్డి పేరుకుంటే అయిదడుగుల గుంట నాలుగడుగులైనట్టు. పైకి నీళ్ళు నిండుగానే కనిపిస్తాయి, పట్టేది తక్కువ. వాచీ 100 అని చూపించేది కూడా ఆ మిగిలిన గుంటలో 100 మాత్రమే. ఈ బ్యాటరీలు 1991లో సోనీ వాళ్ళతో బజారుకొచ్చాయి. దీని మీద పనిచేసిన ముగ్గురికి 2019లో నోబెల్ ఇచ్చారు. అందులో గుడెనఫ్ అనే ఆయనకి అప్పటికి 97 ఏళ్ళు. మడ్డి పేరుకోవడం బ్యాటరీకే గానీ ఆయన బుర్రకి లేదు.

ఆ పొరని మందం చేసేది ముఖ్యంగా వేడి. ఈ రోహిణిలో నేను చేసిన బుద్ధితక్కువ పని ఒకటుంది. స్నానానికి పోతా వాచీ తీసి మోటారు షెడ్డు రేకు మీద పెట్టేవాణ్ణి. ఒకరోజు తీసుకోబోతే చెయ్యి చురుక్కుమంది. ఆపిల్ వాళ్ళయితే తమ వాచీని 0 నుంచి 35 డిగ్రీల మధ్యలోనే వాడమని రాస్తారు. నెల్లూరులో మే నెల అంతా ఆ లెక్కన సెలవు పెట్టాలి. నీ కారు అద్దం ముందర పెట్టి వదిలేస్తావు గదా, అదీ ఈ రేకూ ఒకటే.

ఇంకో పొరపాటు మన ఇన్వర్టర్ నేర్పింది. దాని లెడ్ యాసిడ్ బ్యాటరీకి నిండుగా ఉండటమే ఆరోగ్యం. అందుకని వాచీని కూడా చేతికి లేనప్పుడల్లా ఛార్జర్ మీదే పడేసేవాణ్ణి. లిథియానికి ఇది పనికిరాదు. నిండా ఎక్కించి వేడిలో ఉంచితే త్వరగా ముసలిదవుతుంది. "పూర్తిగా అయిపోయాకే పెట్టాలి" అని మీ బాబాయి చెప్పేది పాత నికెల్ బ్యాటరీల నాటి మాట, అదీ వద్దు. ఇరవై ముప్పై ఉండగా పెట్టి, ఎనభై తొంభైకి తీసేస్తే చాలు. మీ అమ్మకి నువ్వు కొన్న వాచీ బీరువాలో సున్నా మీద ఏడాది పడుంది. మొన్న పెడితే ఎక్కనే లేదు. వాడనప్పుడు సగం ఎక్కించి చల్లటిచోట పెట్టాలంట. ఆమె ఎటూ కట్టుకోదులే, గాజులకి అడ్డమంటుంది.

ఇక నీ ఆపిల్ వాచీ. సెట్టింగ్స్‌లో బ్యాటరీలోకి పోతే బ్యాటరీ హెల్త్ అని ఉంటుంది, అంకె చూడు. 1000 ఛార్జింగ్ సైకిళ్ళయినా 80 శాతం పట్టు నిలిచేట్టు చేశామని వాళ్ళ మాట. సైకిలంటే ఛార్జర్ మీద పెట్టిన ప్రతిసారీ కాదు. ఈరోజు సగం, రేపు సగం వాడితే రెండూ కలిసి ఒకటి. రోజుకొకటి లెక్కన వెయ్యి సైకిళ్ళంటే రెండేళ్ళ తొమ్మిది నెలలు. నీది మూడేళ్ళు దాటింది, అంటే 80 దగ్గర్లో ఉంటుంది. ఫోన్ బ్యాటరీ ముందు వాచీ బ్యాటరీ చాలా చిన్నది. ఆ చిన్నదాన్ని రోజూ అడుగుదాకా తోడతాం, అందుకే ముందు అలిసిపోయేది అదే. కానీ 79 కనిపించింది గదా అని పరిగెత్తబాక. నీకు కావాల్సింది ఆఫీసు, సాయంత్రం నడక. అది పొద్దున్నుంచి రాత్రిదాకా వస్తా ఉంటే 75 అయినా వాడుకో.

నాది బ్యాటరీ మారుద్దామని నెల్లూరు తీసుకపోయా. ఒక షాపులో వేడి పలక మీద పెట్టి అద్దం జిగురు ఎట్టా లేపుతారో చూపించాడు. అంతా బాగానే ఉంది గానీ, "నీళ్ళకి గ్యారంటీ ఇవ్వను సార్" అన్నాడు. నిజం చెప్పాడు, అది నచ్చింది. ఒకసారి తెరిచాక ఆ బిగింపు ఫ్యాక్టరీలో మాదిరి రాదు. నేనేమో ఉప్పునీళ్ళలో చెయ్యి పెట్టేవాణ్ణి. పైగా దీనికి అప్‌డేట్లు ఆగి చాలాకాలమైంది. ఈ రెంటికీ తోడు మార్పిడి ఖర్చు కొత్తదాని ధరలో మూడో వంతు దాటితే నేనైతే మార్పించను. ఇతను చెప్పింది అంతలోపే ఉంది కాబట్టి మార్పిస్తా. పగలు ఊళ్ళో తిరగడానికి కట్టుకుంటా, గుంటలో దిగేటప్పుడు తీసేస్తా. రాత్రి కాపలా నుంచి మాత్రం దాన్ని తప్పించేశా. షెడ్డులో కరెంటు పోతే మోగే సైరన్ పెట్టించా, ఫోన్ సైలెంట్ తీసేశా. మీ అమ్మ నిద్ర చెడకుండా చూడబోయి రొయ్యల్ని పోగొట్టుకోలేం గదా.

ఇప్పుడు అసలు సంగతి. పోయిన నెల ఒంగోలు పెళ్ళిలో బావగారి, అదే మీ మామగారి, పక్కన కూర్చున్నా. ఆయన చేతి వాచీ అద్దం ఒక అంచున గోరు దూరేంత లేచి ఉంది. లోపలి వెలుగు సందులోనుంచి బయటికి పడతా ఉంది. ఆయనేమో బొటనవేలితో నొక్కి నొక్కి కూర్చోబెడతా ఉండారు! బ్యాటరీ ఉబ్బితే అద్దాన్ని అట్టా తోస్తుంది. అక్కడికక్కడే తీయించి, నొక్కొద్దు, ఛార్జింగ్ పెట్టొద్దు అని చెప్పా. అల్లుడికీ అప్పుడే ఫోన్ చేశా. శాతాలతో, నెలలతో పని లేకుండా అప్పటికప్పుడు వదిలేయాల్సింది ఆ ఒక్క గుర్తు కనిపించినప్పుడే. దాన్ని చెత్తబుట్టలో వేయొద్దను. సర్వీసు సెంటర్లో ఇచ్చేయమను. 2022 బ్యాటరీ వ్యర్థాల రూల్స్ ప్రకారం వాడిన బ్యాటరీలు వెనక్కి తీసుకునే బాధ్యత తయారుచేసిన వాళ్ళదే.

ఇప్పుడు ఆయన ఒట్టి చేత్తో ఉండారు. పోయినేడు బాత్రూంలో పడింది ఆయనే గదా. పడితే మీకు కబురు రావాలనే అది కట్టారు. అంతకుముందు కూడా అది సాయంత్రానికి ఛార్జింగ్ పొదుపు చేసే లో పవర్‌లోకి పోయేదంట, ఆయనే చెప్పారు. లో పవర్‌లో పడితే గుండె లయ తప్పితే చెప్పే హెచ్చరికలు ఆగిపోతాయి. ఆయన చేతికి ఉన్నది పొద్దున స్నానం నుంచి రాత్రి మూడోసారి లేచేదాకా నిలబడాలి. నీకు 75 చాలొచ్చు, ఆయనకి 85 కూడా చాలకపోవచ్చు. కాబట్టి నాకోసం పక్కన పెట్టిన డబ్బు అక్కడికి పంపు. నేను చెప్పానని చెప్పబాక, మొహమాటపడతారు. కొన్నాక ఛార్జర్ ఆయన అన్నం తినే బల్ల మీద పెట్టించు. భోజనం చేసినంతసేపు పెడితే రాత్రి చేతికి ఉంటుంది.

వచ్చే నెల రొట్టెల పండక్కి రండి. స్వర్ణాల చెరువులో పోయినసారి చదువు రొట్టె పట్టుకున్నావు, ఈసారి ఏ రొట్టె పడతావో నీ ఇష్టం. వచ్చేటప్పుడు ఆ వాచీ పెట్టెలో వచ్చిన రెండో ఛార్జర్ మీ ఇంట్లో యాడో ఉంటుంది, వెతికి తీసుకరా. ఇక్కడిది ఎంత రుద్దినా ఒక పిన్ను నల్లగానే ఉంది.

మీ అమ్మ అడిగితే ఆ రాత్రి సంగతి నీకు తెలియదను. అరబక్కెట్ రొయ్య లెక్క ఆమెకి ఇంకా చెప్పలా.

మీ నాయన