దాస్కలోయానిస్ పాటకు ఒక గోడ ఇవ్వండి: గ్రీస్ సాంస్కృతిక మంత్రికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన గ్రీస్ సాంస్కృతిక శాఖ మంత్రి గారికి,

నమస్కారం. నేను ఉత్తరాంధ్ర వాణ్ని. మీ దేశంతో నాకు చుట్టరికం లేదు, వ్యాపారం లేదు. అయినా క్రీట్ దీవి గురించి మీకు రాయడానికి ఒక వంక దొరికింది. హెరాక్లియన్ పాత విమానాశ్రయం బదులు కస్తెలీ దగ్గర కడుతున్న కొత్త విమానాశ్రయంలో మీ టెర్నా కంపెనీతో పాటు మా జీఎంఆర్ కూడా భాగస్వామి. ఆ కంపెనీ పెట్టిన గ్రంధి మల్లికార్జునరావు గారిది మా రాజాం. 46 శాతం వాటా మీ ప్రభుత్వం చేతిలోనే ఉంది కాబట్టి, అడగదలుచుకున్నది మీ ద్వారా అడిగితేనే పని జరుగుతుందనిపించింది.

అడిగేది పెద్దదేం కాదు. ఆ టెర్మినల్‌లో ఒక గోడ. దాని మీద దాస్కలోయానిస్ పాట.

ఆయన కథ మీకు నేను చెప్పాల్సిన పని లేదు. ఈ ఉత్తరం చదివే మా వాళ్ల కోసం చెబుతాను, కాస్త ఓపిక పట్టండి.

క్రీట్‌కు నైరుతిన, తెల్ల కొండలకూ లిబియా సముద్రానికీ మధ్య ఇరుక్కున్న ప్రాంతం స్ఫాకియా. అక్కడి అనోపోలి అనే ఊరివాడు యానిస్ వ్లాహోస్. ఓడల యజమాని, డబ్బున్నవాడు, బయటి రేవులు తిరిగినవాడు. చదువు వచ్చినవాడు కాబట్టి జనం దాస్కలోస్ అన్నారు, అంటే మాస్టారు. అలా దాస్కలోయానిస్ అయ్యాడు. 1669లో క్రీట్ దాదాపు మొత్తం ఒట్టోమన్ తుర్కుల చేతికి పోయినా, స్ఫాకియా కొండల్లో మాత్రం వాళ్ల పెత్తనం నామమాత్రమే. అంటే తిరగబడాల్సిన అవసరం అందరికంటే తక్కువ ఉన్నది వీళ్లకే. పోగొట్టుకోవడానికి అందరికంటే ఎక్కువ ఉన్నది ఈయనకే. నన్ను పట్టుకున్నది ఈ సంగతే. ఆకలితో తిరగబడ్డవాడి కథ త్వరగా అర్థమవుతుంది. కడుపు నిండినవాడు ఓడలనూ ఇంటినీ పణంగా పెట్టాడంటే ఆగి ఆలోచించాలి.

అప్పుడు రష్యాకీ తుర్కులకీ యుద్ధం నడుస్తోంది. కేథరిన్ రాణి తరఫున ఓర్లోవ్ సోదరులు గ్రీకులను కదిలిస్తున్నారు. మీరు లేవండి, మా నౌకాదళం వస్తుందన్నారు. దాస్కలోయానిస్ నమ్మాడు. 1770 వసంతంలో స్ఫాకియా తిరగబడింది. మార్చి 25న మొదలైందని చెబుతారు. సరిగ్గా ఆ తేదీనే మీరు 1821 విప్లవాన్ని జాతీయ దినంగా చేసుకుంటారు. ఈయన 51 ఏళ్లు ముందొచ్చాడు.

రష్యా ఓడలు ఏజియన్‌కి వచ్చిన మాట నిజమే. ఆ జులైలో చెస్మే దగ్గర ఒట్టోమన్ నౌకాదళాన్ని తగలబెట్టాయి కూడా. క్రీట్ వైపు మాత్రం రాలేదు. వేలాది ఒట్టోమన్ సైన్యం కొండలెక్కింది. ఊళ్లు కాలిపోయాయి. పడవల్లో ఎక్కించగలిగిన ఆడవాళ్లనీ పిల్లలనీ కిథిరా దీవికీ పెలొపొనీస్‌కీ దాటించారు. మిగిలిన వాళ్లలో చాలామంది బందీలయ్యారు. దాస్కలోయానిస్ కూతుళ్లూ పట్టుబడ్డారు. చలికాలమంతా మంచుకొండల్లో తలదాచుకున్నాక, మిగిలినవాళ్లనైనా బతకనిస్తారేమోనని 1771లో ఆయన ఫ్రాంగోకాస్తెల్లో కోట దగ్గర లొంగిపోయాడు. జూన్ 17న హెరాక్లియన్‌లో, జనం చూస్తుండగా, బతికుండగానే చర్మం ఒలిచారు. నోరు మెదపలేదని చెప్పుకుంటారు. తమ్ముణ్ణి దగ్గర నిలబెట్టి చూపించారట, అతనికి మతి పోయిందట.

పేరు విషయంలో మీరు ఆయనకు లోటు చేయలేదు. క్రీట్‌లోనే ఉన్న హానియా విమానాశ్రయానికి ఆయన పేరే. హెరాక్లియన్‌లో ఆయన పేరుతో కూడలి ఉంది. అనోపోలిలో విగ్రహం ఉంది. స్ఫాకియా తీరంలో తిరిగే ఫెర్రీ ఒకదాని పేరూ అదే. ఆ తీరంలోని లూత్రో అనే ఊరికి రోడ్డు లేదు, పడవలోనో కాలినడకనో వెళ్లాలి. అలా వెళ్లే ఫెర్రీ తలుపు రేవులోకి వాలగానే సూట్‌కేసుల వాళ్లు, కూరగాయల పెట్టెల వాళ్లు, టవళ్లు భుజానేసుకున్న పిల్లలు దబదబా దిగిపోతారు. ఓడ పక్కన అంతెత్తు అక్షరాలతో ఉన్న పేరు వాళ్లకు వట్టి ఓడ పేరు. వాళ్లని తప్పు పట్టను. సెలవుల్లో ఈత కొట్టడానికి వచ్చినవాడికి చరిత్ర పాఠం ఎవడు చెప్పమన్నాడు? కానీ విమానాశ్రయం వేరు. అక్కడ సామాన్లు వచ్చేదాకా ఎవరైనా కన్వేయర్ బెల్ట్ ముందు నిలబడాల్సిందే.

కస్తెలీ టెర్మినల్‌లో మినోవన్ల, అంటే క్రీట్ పురాతన నాగరికత వాళ్ల, బొమ్మలు ఎలాగూ వస్తాయి. ఆ విమానాశ్రయానికి రాడార్ పెట్టాలనుకున్న పాపూరా గుట్ట మీదే 2024లో వాళ్ల కాలపు గుండ్రటి రాతి కట్టడం బయటపడింది, అడ్డం 48 మీటర్లు. నాలుగు వేల ఏళ్ల నాటి సంగతికి జాగా దొరుకుతుంది. ఇంకో మూలన రెండున్నర శతాబ్దాల నాటి సంగతికీ దొరకాలి.

అయితే విగ్రహం వద్దు. చర్మం ఒలిచే బొమ్మ అసలే వద్దు. వీరుణ్ణి చావు ఒక్కదానికే కుదించే అలవాటు మా దగ్గరా ఉంది. దానివల్ల ఆయన బతికుండగా ఏం ఆలోచించాడన్నది ఎవరికీ పట్టదు. నేను అడుగుతున్నది పాట. ఆయన చనిపోయిన పదిహేనేళ్లకు, 1786లో, స్ఫాకియాలో బార్బా పాంజెలియోస్ అనే జున్ను చేసుకునే ముసలాయన ఆ కథంతా పాటగా చెప్పాడు. అక్షరం ముక్క రాదు. ఒక పూజారి కొడుకు, స్కొర్దిలిస్, కాగితం కలం పట్టుకుని ఎదురుగా కూర్చుని రాసుకున్నాడు. వెయ్యికి పైగా పాదాలు, ఒక్కో పాదానికి పదిహేను అక్షరాలు, జంటగా ప్రాస. పాట చివర ఆ రాసినవాడే తన సంగతీ చెప్పుకున్నాడు. ఆయన కొంచెం కొంచెంగా చెబుతుంటే తాను రాశానని, చెబుతూ చెబుతూ ఆయన కళ్లనీళ్లు పెట్టుకునేవాడని. పాట ఎలా కాగితం మీదికొచ్చిందో పాటే చెప్పడం అరుదు.

ఆ పాటలో నాకు నచ్చే మనిషి దాస్కలోయానిస్ ఒక్కడే కాదు. ప్రోతోపాపాస్ అనే పెద్ద పూజారి వద్దని అడ్డుపడతాడు. రష్యా వస్తుందన్న నమ్మకమేంటి, ఉన్నది కాస్తా పోతే ఈ జనం గతేంటని అతని బెంగ. మా బుర్రకథలో కథకుడి పక్కన వంత నిలబడి అడ్డు ప్రశ్నలు వేసినట్టు, పాటలో ఈ పూజారి గొంతు కూడా వినిపిస్తుంది. చివరికి జరిగింది అతను భయపడ్డట్టే. అయినా పాంజెలియోస్ నాయకుణ్ణి తక్కువ చేయలేదు, పూజారిని పిరికివాణ్ణి చేయలేదు. జున్ను కాచుకునే మనిషి చూపించిన ఈ నిజాయితీ ప్రభుత్వాలు పెట్టే ఫలకాల మీద సాధారణంగా కనపడదు. ఆ గోడ మీద ఫలానా వీరుడు, పుట్టుక, మరణం అని నాలుగు ముక్కలు రాసి సరిపెడతారేమోనని నా టెన్షన్.

మా దగ్గర భోగాపురంలోనూ జీఎంఆర్ వాళ్లే విమానాశ్రయం కడుతున్నారు. దానికి అల్లూరి సీతారామరాజు పేరు పెట్టాలని మా రాష్ట్ర ప్రభుత్వం నిర్ణయించింది. 1922లో మన్యంలో పోలీసు స్టేషన్ల మీద పడి తుపాకులు పట్టుకెళ్లిన మనిషి, 1924 మే 7న కొయ్యూరు దగ్గర బ్రిటిష్ వాళ్లు కాల్చి చంపిన మనిషి. ఈ ఉత్తరంలో రాసినవే మా వాళ్లకీ రాస్తాను: పేరుతో ఆపేయకండి, మన్యం వాళ్లు పాడుకున్న పాటలు కూడా పెట్టండి అని. మీరు ముందు చేస్తే చూపించి అడగడం నాకు సులువవుతుంది, అంత స్వార్థం ఉంది.

ఇక నా కోరిక వివరంగా. పాటలోంచి నాలుగు చోట్లు తీసుకోండి: ఓర్లోవ్‌ల మాట, పూజారి అభ్యంతరం, ఫ్రాంగోకాస్తెల్లోలో లొంగుబాటు, చివర కలం పట్టిన స్కొర్దిలిస్ మాటలు. గ్రీకులో రాయించి, కింద ఇంగ్లిష్ పెట్టండి. స్ఫాకియాలో ఇప్పటికీ పాడగలిగిన పెద్దవాళ్ల చేత పాడించి, బెల్ట్ దగ్గర నిలబడ్డవాళ్లు వినేలా ఏర్పాటు చేయండి. క్రీట్ గ్రీస్‌లో కలిసింది 1913 డిసెంబర్ 1న, ఆయన పోయిన 142 ఏళ్లకు. ఆ తేదీ కూడా ఎక్కడో చిన్నగా వేయించండి. తెలుగు తర్జుమా ఖర్చు మీకు వద్దు, అది మేం చూసుకుంటాం.

జవాబు కోసం ఎదురుచూస్తూ,

రాజాం దగ్గరి నుంచి ఒక తెలుగువాడు