మృదంగాలు ఆలస్యం కావడానికి వాన ఒక్కటే కారణం కాదు

మా షాపులో మృదంగం ఇచ్చి ఎదురుచూస్తున్న అందరికీ నమస్కారం.

నెలన్నరగా ఫోన్ చేసిన ప్రతి ఒక్కరికీ "వానలు సార్, కరణి ఆరడం లేదు" అని చెప్తున్నాను. అది సగం నిజం. కార్తీకంలో తిరుపతి ఎట్లా ముసురు పట్టి ఉంటుందో మీకు తెలుసు. కుడి మూత, అంటే వాయించే తోలు, దాని మధ్యన నల్లరాయి పొడి, అన్నం కలిపి రుద్దే నల్ల చుక్కే కరణి. అది పొరపొరగా ఆరాలి, ఆరిన ప్రతి పొరనూ రాయితో నునుపు చేయాలి. తేమ పట్టిన మూతకు పొద్దున కట్టిన శ్రుతి సాయంత్రానికి దిగిపోతుంది. కానీ వానలు ఏటా వస్తున్నాయి, నేనూ ఏటా టైముకే ఇస్తున్నాను. ఈసారి ఇవ్వలేకపోయింది మా అబ్బాయి షాపులో లేనందుకు. దసరాకు ముందు కొర్లగుంటలో రూం తీసుకుని వెళ్లిపోయాడు. వాడికి పంతొమ్మిదేళ్లు.

మూత వేసేది, వార్లు లాగేది నేనే. చివర్లో శ్రుతి చూసేది మాత్రం వాడు. యాభై దాటాక నా చెవికి పై శ్రుతులు సరిగా అందడం లేదు. ఆడవాళ్ల గాత్రానికి ఐదున్నర శ్రుతికి కట్టాలంటే నాకు టెన్షన్. వాడు రాయీ పుల్లా పట్టుకుని మూత చుట్టూ పదహారు చోట్లా ఒక్కో దెబ్బ వేసి చూస్తే, శ్రుతి పెట్టె తర్వాత ఆన్ చేసినా తేడా ఉండేది కాదు. కొడుకని చెప్పడం లేదు, మీలో చాలామంది విన్నారు.

ఏడో ఏట నుంచి పొద్దున నాలుగున్నరకు లేపి సాధకం చేయించాను. జ్వరం వచ్చినా వదల్లేదు. కచేరీలు మొదలయ్యాక పిలుపులన్నీ షాపు నంబరుకే వచ్చేవి. నేనే ఒప్పుకుని, నేనే అడ్వాన్సు తీసుకుని, ముందురోజు రాత్రి వాడికి చెప్పేవాడిని. సంభావన నా జేబులోకే వచ్చేది. షాపు అద్దె, తోళ్ల ఖర్చు దాంట్లోంచే నడిచేది కాబట్టి ఇంటి డబ్బే కదా అనుకున్నాను.

దసరా ముందు, వాడు తనంతట తాను ఒక కచేరీ ఒప్పుకున్నాడు. తనతో చదివే అమ్మాయి గాత్రం, పైసా లేని కచేరీ. అదే సాయంత్రం రేణిగుంటలో ఒక రిసెప్షన్‌కు నేను మాటిచ్చి ఉన్నాను. రాను అన్నాడు. ఇద్దరు కస్టమర్ల ముందరే "ఆ చేతులకు నడక నేర్పింది నేను, నాకే ఎదురు చెప్తావా" అని అరిచాను. వాడు బదులు చెప్పలేదు. చేతిలోని రాయీ పుల్లా కౌంటర్ మీద పెట్టి, అరచేతికి అంటిన, ఎడమ మూతకు పూసే తడి రవ్వ పంచెకు తుడుచుకుని, సొరుగులోంచి ఒక పొడుగు నోటుబుక్కు తీశాడు. పద్నాలుగో ఏట నుంచి వాయించిన ప్రతి కచేరీ అందులో ఉంది. తేదీ, ఊరు, ఎవరికి పక్కవాద్యం, ఏ శ్రుతి. ఆఖరి గడి పైన 'సంభావన' అని రాసి ఉంది. కింద అన్ని పేజీల్లోనూ ఖాళీ.

"ఎంతిచ్చారో నాకు తెలీదు నాయనా, నువ్వే రాయి" అని వెళ్లిపోయాడు.

మూడు వారాలు ఆ పుస్తకం ముట్టలేదు. ఒకరోజు మా దగ్గర వీణ తీగలు కొనే పెద్దావిడ వచ్చారు. నేను పూర్ణకుంభం సర్కిల్ మీదుగా పోతే ఎమ్మెస్ సుబ్బులక్ష్మి విగ్రహానికి స్కూటర్ ఆపి దండం పెడతానని ఆమెకు తెలుసు. "ఏమప్పా, ఆ తల్లి కూడా 1936లో మదురైలో అమ్మను వదిలి మద్రాసు పోయిందే కదా. ఆ అమ్మ షణ్ముఖవడివు కూడా వీణ విద్వాంసురాలే" అన్నారు. నాకు ఒళ్లు మండింది. "ఆమెది పెళ్లి గొడవమ్మా, మావాడిది డబ్బు గొడవ" అన్నాను. "సరే, డబ్బు గొడవేనని నువ్వే అంటివి" అని తీగల చుట్ట తీసుకుని పోయారు.

ఆ రాత్రి పాత డైరీలు ముందేసుకుని గడులు నింపాను. కొన్నిటికి ఎంత తీసుకున్నానో గుర్తే లేదు. మొత్తం ఎంతైందో ఇక్కడ రాయను, రాస్తే మా బావమరుదులు షాపుకు వస్తారు. ఒకేసారి ఇచ్చే తాహతు లేదు, నెలకు ఐదు వేలు వాడి అకౌంట్‌లో వేస్తున్నాను.

వాడు ఇంటికి రాలేదు. మంగళ, శుక్రవారాల్లో నాలుగింటి నుంచి ఏడింటి దాకా షాపుకు వచ్చి శ్రుతి కడుతున్నాడు, మృదంగానికి 300. మొదటిరోజు ఒక్కటే కట్టాడు. ఐదు వందల నోటిస్తే జేబులోంచి రెండు వందలు తీసి కౌంటర్ మీద పెట్టాడు. ఉంచుకోరా అనబోయి ఊరుకున్నాను. ఆ 300 మీ బిల్లులో కలపను.

ఇప్పుడు మీ సంగతి. నా దగ్గర 14 మృదంగాలు ఉన్నాయి. ధనుర్మాసం కచేరీలున్న వాళ్లవి ముందు, మిగతావి జనవరిలో త్యాగరాజ ఆరాధన లోపల ఇస్తాను. అంతదాకా ఆగలేని వాళ్లు వచ్చి మృదంగం, అడ్వాన్సు రెండూ తీసుకుపోవచ్చు, ఏమీ అనుకోను. వాడు వెళ్లాక బాగానే ఉందని చెప్పి మూడు ఇచ్చి పంపాను. అవి బాగా లేవు. తెస్తే ఊరికే సరిచేస్తాం.

మా అబ్బాయి కచేరీల కోసం షాపుకు ఫోన్ చేయకండి. నేను తీసుకున్న రెండు అడ్వాన్సులు వెనక్కి ఇచ్చేశాను. మీ నంబరు ఇస్తే వాడికి చేరుస్తాను, మాట్లాడేది వాడే. సంభావన తగ్గించమని నాతో చెప్పించొద్దు.

ఇంకొకటి, ఎడమ మూతకు అంటించిన రవ్వ గీకి తుడిచి తీసుకురండి. పోయినసారి ఎవరో అట్లనే ఇచ్చిపోతే షాపంతా చీమలు.