ఉద్దానం మాజీ సైనికులకు ఊరి దగ్గరే వైద్యం అందించండి: రక్షణ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన కేంద్ర రక్షణ శాఖ మంత్రి శ్రీ రాజ్‌నాథ్ సింగ్ గారికి,

నమస్కారం. నేను ఆర్మీ మెడికల్ కోర్‌లో నర్సింగ్ అసిస్టెంట్‌గా పనిచేసి హవల్దార్ ర్యాంకులో రిటైరయ్యాను. మాది శ్రీకాకుళం జిల్లా కంచిలి మండలం. మా ప్రాంతాన్ని ఉద్దానం అంటారు. కొబ్బరి, జీడి, పనస తోటలకు ఎంత పేరో, కిడ్నీ జబ్బుకూ అంత పేరు పడిపోయింది. పదో తరగతి పరీక్షలు అవగానే ఇక్కడి కుర్రాళ్ళు తెల్లవారుజామున రోడ్డెక్కి రన్నింగ్ మొదలుపెడతారు, ఆర్మీ ర్యాలీ కోసం. తండ్రులూ, మేనమామలూ అలాగే వెళ్ళారు. అందుకే మా ఊళ్ళలో మిలటరీ పెన్షన్ అందుకునే ఇళ్ళు చాలా ఉంటాయి.

నేను అడిగేది ఒక్కటే. మాజీ సైనికులకు, వాళ్ళ కుటుంబాలకు వైద్యం అందించే మీ శాఖ పథకం ఈసీహెచ్ఎస్. దాని పాలీక్లినిక్ ఇప్పుడు ఎక్కువగా వేరే ఆసుపత్రికి రిఫరల్ రాసిచ్చి పంపే చోటుగా ఉంది. దాన్ని వైద్యం జరిగే చోటుగా మార్చండి. ఆ వైద్యం మా మండలాలకు దగ్గరలో దొరికేలా చూడండి.

ఈ పథకం విలువ తెలియక రాస్తున్నది కాదు. 2003 ఏప్రిల్ 1న ఈసీహెచ్ఎస్ మొదలయ్యే ముందు రిటైరైన జవానుకు పెద్ద జబ్బు చేస్తే పొలం అమ్ముకోవడమో, మిలటరీ హాస్పిటల్‌లో బెడ్ ఖాళీ ఉంటే వెళ్ళి చేరడమో, అంతే దారి. ఆ రోజులు మా పెద్దవాళ్ళకు గుర్తున్నాయి. 227 పాలీక్లినిక్‌లతో మొదలైన పథకానికి 2010లో మరో 199 మంజూరు చేశారు. ఈసీహెచ్ఎస్ కార్డు చూపించి గుండె ఆపరేషన్లు, మోకాలి ఆపరేషన్లు చేయించుకుని ఇంటికొచ్చినవాళ్ళు మా మధ్య ఉన్నారు. అందుకే ఈ పథకం నీరసించిపోతుంటే మాకు బాధ.

జవాను ముప్పై ఏడు, నలభై ఏళ్ళకే యూనిఫాం విప్పేస్తాడు. ఆ తర్వాత ఇంకో ముప్పై నలభై ఏళ్ళ బతుకు ఉంటుంది. ఆయన భార్య, ఆయనపై ఆధారపడిన తల్లిదండ్రులు కూడా ఇదే కార్డు మీద ఉంటారు. ఆయన పోయాక కార్డు భార్య చేతికి వస్తుంది. అంటే ఈ పథకం మోయాల్సిన బరువులో ఎక్కువ భాగం వృద్ధాప్యమే. షుగరు, బీపీ, కీళ్ళు, ఎత్తు ప్రదేశాల్లో చేసి వచ్చినవాళ్ళకు ఊపిరితిత్తుల ఇబ్బందులు, ఆర్టిలరీలో చేసినవాళ్ళకు చెవుడు. ఇవేవీ ఒక ఆపరేషన్‌తో తీరిపోయేవి కావు. నెలనెలా చూడాల్సినవి, మందు మార్చాల్సినవి. ఇలాంటి జబ్బులకు కావాల్సింది ఊరికి దగ్గరగా, పేరు పెట్టి పలకరించే డాక్టరు. మన వ్యవస్థ మాత్రం వాటిని కూడా నగరంలోని పెద్ద ప్రైవేటు ఆసుపత్రికి తోసేస్తోంది.

ఇప్పుడు ఉద్దానం సంగతి. కవిటి, కంచిలి, సోంపేట, మందస, వజ్రపుకొత్తూరు, పలాస, ఇచ్ఛాపురం మండలాల్లో దశాబ్దాలుగా కిడ్నీలు దెబ్బతింటున్నాయి. ఎందుకో శాస్త్రవేత్తలు ఇంకా తేల్చి చెప్పలేదు. ఈ జబ్బులో మోసం ఏమిటంటే నొప్పి ఉండదు. కాళ్ళ వాపు, ఆయాసం కనిపించేసరికి కిడ్నీ చాలావరకు పోయి ఉంటుంది. ముందుగా తెలియాలంటే రక్తంలో క్రియాటినిన్, మూత్రంలో ప్రొటీన్ చూడాలి. రెండూ చవకైన పరీక్షలు. సర్వీసులో ఉన్నంత కాలం ఏటా మెడికల్ జరిగేది, ఏ చిన్న తేడా ఉన్నా పట్టుబడేది. రిటైరయ్యాక ఆ అలవాటు తెగిపోతుంది. మళ్ళీ తోటలకే వస్తాం, ఆ ఎండలోనే పనిచేస్తాం, ఆ నీళ్ళే తాగుతాం.

డయాలసిస్ మొదలైతే ఏమవుతుందో మెడికల్ కోర్‌లో చేసినవాడిగా చెబుతాను. సాధారణంగా వారానికి మూడుసార్లు, ఒక్కోసారి నాలుగు గంటలు మిషన్ మీద పడుకోవాలి. లేచేసరికి బీపీ పడిపోతుంది, కాళ్ళు వణుకుతాయి, వాంతి వచ్చినట్టు ఉంటుంది. ఆ స్థితిలో ఉన్న అరవై ఐదేళ్ళ మనిషి వంద కిలోమీటర్లు దాటి బస్సులో కూర్చుని ఇంటికి రావాలి. మర్నాడు ఒక్కరోజు విశ్రాంతి, ఆపైన మళ్ళీ ప్రయాణం. ఆయన్ని పట్టుకుని వెళ్ళడానికి ఇంట్లో ఇంకొకరు పని మానుకోవాలి. వైద్యం ఉచితమే, కానీ దారి ఖర్చు, కూలి నష్టం కలిపితే పెన్షన్‌లో ఏం మిగులుతుంది? నాకు తెలిసిన ఒక మాజీ నాయక్ ఇదే లెక్క వేసుకుని మూడుసార్లు వెళ్ళాల్సిన చోట రెండుసార్లకు తగ్గించుకున్నారు. డాక్టరు చెప్పి తగ్గించలేదు. ఆయనకు ఓపికా లేదు, తోడు వచ్చే మనిషీ లేడు. ఎన్నాళ్ళు నడుస్తుంది అలా?

దేశమంతటికీ ఒకే కొలత పెడితే ఉద్దానం లాంటి చోట్ల అది సరిపోదు. మాజీ సైనికుల సంఖ్యను బట్టి పాలీక్లినిక్‌లను ఏ, బీ, సీ, డీ అని విడగొట్టి, దాని ప్రకారం డాక్టర్లను, పరికరాలను ఇస్తున్నారు. తలలు లెక్కపెట్టి ఇవ్వడం సులువే. కానీ ఆ తలలు ఎంత దూరంలో ఉన్నాయి, అక్కడ ఏ జబ్బు ఎక్కువ అన్నది కూడా ఆ లెక్కలోకి రావాలి కదా. ఇచ్ఛాపురం నుంచి జిల్లా కేంద్రం వంద కిలోమీటర్ల పైమాటే. నేవీ వారి ఆసుపత్రి ఐఎన్‌హెచ్‌ఎస్ కల్యాణి ఉన్న విశాఖ రెండు వందల కిలోమీటర్లు దాటాలి. ఆ చివరి ఊళ్ళవాళ్ళు ఏ జబ్బు చేసినా సరిహద్దు దాటి ఒడిశాలోని బరంపురం పరుగెత్తడం తరాల అలవాటు, అదే వాళ్ళకు దగ్గర. కాగితాల మీద రాష్ట్రం, ఈసీహెచ్ఎస్ రీజనల్ సెంటర్ వేరు కావచ్చు, రోగికి ఆ గీత కనబడదు. చివరి మండలాల విషయంలో రెండు రీజనల్ సెంటర్ల అధికారులు కూర్చుని మాట్లాడుకోవాలని మా కోరిక.

సోంపేట, పలాసల మధ్య ఎక్కడో ఒక చోట పూర్తి స్థాయి పాలీక్లినిక్ కావాలి. సొంత భవనం, సొంత ల్యాబ్, ఫిజియోథెరపీ గది, వారంలో కొన్ని రోజులైనా కిడ్నీ స్పెషలిస్టు ఉండాలి. భవనానికి ఏళ్ళు పడుతుందంటే, ఈలోగా మండలాలు తిరిగే మొబైల్ క్లినిక్ ఇవ్వండి. ఫలానా రోజు ఫలానా ఊళ్ళో వ్యాన్ ఆగుతుందని తెలిస్తే చాలు, ముసలివాళ్ళు చెట్టు కిందైనా కూర్చుని ఎదురుచూస్తారు. కార్డు ఉన్న ప్రతి ఒక్కరికీ, భార్యలతో సహా, ఏడాదికోసారి క్రియాటినిన్ పరీక్ష ఆ వ్యాన్‌లోనే చేయించండి. డయాలసిస్ దాకా రాకుండా ఒక్కరిని ఆపగలిగినా ఆ వ్యాన్ ఖర్చు తిరిగి వచ్చినట్టే.

డయాలసిస్‌కు కొత్తగా అంతా కట్టక్కర్లేదు. పలాసలో రాష్ట్ర ప్రభుత్వం 200 పడకల కిడ్నీ ఆసుపత్రి, పరిశోధన కేంద్రం కట్టింది. 2023 డిసెంబరులో అది మొదలైంది. మీ శాఖ రాష్ట్ర ప్రభుత్వంతో ఒప్పందం చేసుకుని అక్కడికి కొన్ని మిషన్లు, టెక్నీషియన్లు ఇస్తే మాకు దారి దొరుకుతుంది. మిషన్లు మీరే ఇవ్వాలని ఎందుకు అంటున్నానంటే, మా పొరుగున ఉన్న రైతు, కూలీ పడుకునే బెడ్‌లో మాకు వాటా అడగడం మాకు ఇష్టం లేదు. వాళ్ళదీ ఇదే జబ్బు. మీరిచ్చే మిషన్లు మాకు అవసరం లేని షిఫ్టులో వాళ్ళకు పనికొస్తాయి.

ప్రైవేటు ఆసుపత్రుల గురించి కూడా చెప్పాలి. కార్డు చూడగానే ముఖం మార్చే ఆసుపత్రులు ఉన్నాయి. పేరు రాయను. వాళ్ళు చెప్పే మాట మాత్రం అన్నిచోట్లా ఒకటే: బిల్లులు రావడం లేదు, రేట్లు గిట్టడం లేదు. ఈ ఆసుపత్రులకు ఈసీహెచ్ఎస్ చెల్లించేది కేంద్ర ప్రభుత్వ ఉద్యోగుల వైద్య పథకమైన సీజీహెచ్ఎస్ రేట్ల ప్రకారం. చాలావరకు 2014 నాటి ఆ ప్యాకేజీ రేట్లే ఏళ్ళ తరబడి నడిచాయి. 2025 అక్టోబరులో వాటిని సవరించారు, మంచి పని. ఈసీహెచ్ఎస్ బడ్జెట్‌ను కూడా 2024-25లో 6,968 కోట్లకు, 2025-26లో 8,317 కోట్లకు పెంచారు. అందుకు మనస్ఫూర్తిగా ధన్యవాదాలు. కానీ పెరిగే డబ్బంతా ప్రైవేటు బిల్లులకే పోతే మా ఊళ్ళలో ఒక్క గది కూడా లేవదు. ఏటా పెరిగే మొత్తంలో కొంత భాగాన్ని పాలీక్లినిక్‌ల భవనాలకు, పరికరాలకు, మనుషులకు తప్పనిసరిగా కేటాయించండి. ఈ రోజు ల్యాబ్ మీద పెట్టే రూపాయి రేపటి ప్రైవేటు బిల్లును తగ్గిస్తుంది.

మనుషులంటే ముందు డాక్టర్లు. పాలీక్లినిక్‌లలో పనిచేసేవాళ్ళు కాంట్రాక్టు మీద ఉంటారు. డాక్టరు మన జబ్బు అర్థం చేసుకునే సమయానికి కాంట్రాక్టు అయిపోతుంది, లేదా బయట మంచి జీతం దొరికి వెళ్ళిపోతారు. వాళ్ళని తప్పుపట్టలేం. జిల్లా స్థాయి ఊళ్ళలో పనిచేసేవాళ్ళకు జీతం పెంచి, కాంట్రాక్టు కాలం పొడిగిస్తే తప్ప నిలబడరు. మందుల సంగతీ అంతే. నెల మందులు రాస్తే అందులో సగం ‘నాట్ అవైలబుల్’ అని వస్తే, బయట కొనుక్కుని బిల్లు పెట్టుకోవాలి. బిల్లు పెట్టుకోవడం చదువుకున్న కొడుకు పక్కనున్నవాళ్ళకు సాధ్యం, ఒంటరిగా ఉన్న జవాను భార్యకు కాదు. మందుల సరఫరాలో లోటు గురించి కాగ్ 2015లోనే ఈ పథకం మీద ఇచ్చిన ఆడిట్ నివేదికలో ఎత్తిచూపింది. అయినా ఇప్పటికీ కౌంటర్ దగ్గర ఆ మాట వినబడుతూనే ఉంది.

ఒంటరి ఆడవాళ్ళ గురించి ప్రత్యేకంగా రాయాలి. భర్త ఉన్నంత కాలం ఆయనే హిందీలో మాట్లాడి పనులు చేయించేవారు. ఆయన పోయాక ఇంగ్లీషులో ఉన్న ఫారాలు, ఫోన్‌కు వచ్చే ఇంగ్లీషు మెసేజ్‌లు ఆమెను భయపెడతాయి. అర్ధరాత్రి గుండెనొప్పి వచ్చి దగ్గరున్న ఆసుపత్రిలో చేరిస్తే, అది ఎంప్యానెల్ కాని, అంటే పథకం జాబితాలో లేని ఆసుపత్రి అయితే 48 గంటల్లో పాలీక్లినిక్‌కు తెలియజేయాలన్న నిబంధన ఎందరికి తెలుసు? తెలియక రీయింబర్స్‌మెంట్ పోగొట్టుకున్న కుటుంబాలు ఉన్నాయి. ఫారాలు, బోర్డులు, మెసేజ్‌లు తెలుగులో పెట్టించండి. రాత్రి ఫోన్ చేస్తే తెలుగులో బదులిచ్చే హెల్ప్‌లైన్ ఒకటి ఇప్పించండి. ఇది కోట్లతో పని కాదు.

2021 మేలో మీరే సెహత్ ఓపీడీని ప్రారంభించారు. ఇంట్లో కూర్చుని మిలటరీ డాక్టరుతో వీడియోలో మాట్లాడే ఏర్పాటు అది. మా వయసువాళ్ళకు దాన్ని వాడుకోవడం రాదు, సిగ్నల్ కూడా అంతంత మాత్రం. మొబైల్ క్లినిక్‌లో నర్సు పక్కన కూర్చుని, బీపీ, షుగరు చూసి, డాక్టరుతో కలిపి మాట్లాడిస్తే అదే సదుపాయం ఎంతో పనికొస్తుంది. నాలాంటి రిటైరైన నర్సింగ్ అసిస్టెంట్లు ఉత్తరాంధ్రలో ఉన్నారు. పని చేయడానికి సిద్ధంగా ఉన్నారు.

ఐఎన్‌హెచ్‌ఎస్ కల్యాణి గురించి ఒక్క మాట. సర్వీసులో ఉన్నవాళ్ళకే మొదటి హక్కు, దాన్ని మేము కాదనం. బెడ్ ఖాళీ ఉంటేనే మాకు చోటు. ఆ ఖాళీ మీద ఆధారపడకుండా వృద్ధులైన మాజీ సైనికుల కోసం అక్కడ ప్రత్యేకంగా ఒక బ్లాకు కట్టించండి. ఉత్తరాంధ్ర నుంచి వచ్చే రోగి వెంట ఉండే మనిషి పడుకోవడానికి కొన్ని గదులు కూడా అందులో ఉండాలి.

ఈ లేఖ మీ దాకా చేరితే, విశాఖ రీజనల్ సెంటర్ నుంచి ఒక అధికారిని, ఒక డాక్టరును మా మండలాలకు పంపించండి. కంచిలిలో ఉన్న సోంపేట స్టేషన్‌లో దిగితే మేమే వచ్చి తీసుకెళ్తాం. డయాలసిస్ మీద ఉన్న మాజీ సైనికుల ఇళ్ళకు, వాళ్ళ కుటుంబాలు ఒప్పుకున్న మేరకు, తీసుకెళ్ళి చూపిస్తాం. పాలీక్లినిక్‌కు స్థలం కావాలంటే పంచాయతీలతో మాట్లాడే బాధ్యత మాది.

ఇట్లు
ఒక మాజీ హవల్దార్, ఆర్మీ మెడికల్ కోర్
కంచిలి మండలం, శ్రీకాకుళం జిల్లా